చెప్పడం, చెప్పుకోవడం: నాడీవైవిధ్యం, ఉద్యోగధర్మం, సత్యం

నలభై ఏళ్ల వయసులో తనను గురించి తనకే తెలియని సంగతి ఒకటి తెలియడం అనే అనుభవం మన చదువుకున్న కుటుంబాల్లో ఇప్పుడు అంత అరుదు కాదు. చాలాసార్లు అది పిల్లల ద్వారా వస్తుంది. బడిలో కొడుకు చదువు సాగడం లేదని తల్లిదండ్రులు నిపుణుల దగ్గరకు తీసుకువెళ్తారు. పిల్లవాడి తీరును గురించి వారు వరసగా అడిగే ప్రశ్నలకు జవాబు చెబుతూ చెబుతూ తండ్రి మధ్యలో ఆగిపోతాడు. అవన్నీ తన గురించే అడుగుతున్నట్టు అతనికి తోస్తుంది. కొన్ని నెలలకు అతని చేతిలోనూ ఒక నివేదిక ఉంటుంది. అందులో ఆటిజం అనో, ఏడీహెచ్‌డీ అనో, డిస్లెక్సియా అనో ఒక పేరు ఉంటుంది. ఇంట్లో చెప్పడం ఎంత కష్టమైనా అక్కడ వినేది తన వాళ్లే. మర్నాడు ఉదయం ఉద్యోగానికి బయలుదేరేటప్పుడు ఎదురయ్యే ప్రశ్న వేరు. ఇది అక్కడ చెప్పాలా?

ఈ ప్రశ్నను సాధారణంగా లౌక్యానికి సంబంధించినదిగా చూస్తారు. చెబితే పదోన్నతి ఆగుతుందా, చెప్పకపోతే పని భరించలేనిదవుతుందా, ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అని లెక్కలు వేస్తారు. ఆ లెక్క అనవసరమని అనను. నెల జీతం మీద ఇల్లు నడిచే మనిషికి అదే మొదటి లెక్క. అయితే దాని అడుగున ఒక నైతిక ప్రశ్న ఉంది. చెప్పకుండా పనిచేస్తున్న ఉద్యోగి తనకు జీతమిచ్చేవారిని మోసగిస్తున్నాడా? చెప్పినవాడు నిజాయితీపరుడనీ, చెప్పనివాడు పిరికివాడనీ మనలో చాలామంది ఆలోచించకుండానే ఒక తీర్పు ఇచ్చేస్తాం. ఆ తీర్పు సరికాదని నా వాదం. ఉద్యోగి సత్యం బాకీపడింది తన పనిని గురించి. తన మనసు నిర్మాణాన్ని గురించి కాదు. ఈ సంబంధంలో మొదటి బాధ్యత చెప్పేవారిది కాక వినేవారిదని కూడా ఈ వ్యాసంలో చూపదలచుకున్నాను.

ముందుగా పరిభాషను గురించి కొంచెం. న్యూరోడైవర్సిటీ అనే భావన 1990ల చివరి సంవత్సరాల్లో రూపుదిద్దుకుంది. ఆస్ట్రేలియాకు చెందిన సామాజిక శాస్త్రజ్ఞురాలు జూడీ సింగర్ 1998 నాటి తన సిద్ధాంత వ్యాసంలో ఈ మాటను వాడారు. దానిని ఇక్కడ నాడీవైవిధ్యం అంటున్నాను. మెదడు పనిచేసే తీరుల్లో మనుషుల మధ్య తేడాలు సహజమనీ, వాటన్నిటినీ రోగాలుగా చూడనక్కరలేదనీ ఆ మాట వెనకున్న దృష్టి. లియో కానర్ 1943లో, హాన్స్ ఆస్పెర్గర్ 1944లో ఆటిజాన్ని వర్ణించినప్పుడు వారి ముందున్నది పిల్లలు. అందువల్ల ఇది చాలాకాలం పిల్లల వ్యవహారంగానే ఉండిపోయింది. 2013లో వెలువడిన అమెరికా మనోవైద్యుల సంఘం వర్గీకరణ అయిదవ కూర్పు ఏడీహెచ్‌డీ విషయంలో పదిహేడేళ్లు దాటినవారికి లక్షణాల సంఖ్యను ఆరు నుంచి అయిదుకు తగ్గించింది. ఒకే వ్యక్తిలో ఆటిజమూ ఏడీహెచ్‌డీ కూడా ఉండవచ్చని కూడా ఒప్పుకుంది. పెద్దవారిలో నిర్ధారణ పెరగడానికి ఇటువంటి మార్పులు తోడ్పడ్డాయి. ఇంతకు మించి వైద్యచర్చ ఈ వ్యాసానికి అవసరం లేదు.

మాటల్లోనే ఉన్న తీర్పు

ఈ విషయాన్ని యజమానికి తెలియజేయడాన్ని తెలుగులో ఏ క్రియతో చెప్పాలి? 'చెప్పడం' తటస్థమైన మాట. కానీ వ్యవహారంలో ఇటువంటి సందర్భానికి మనకు ముందుగా నోటికి వచ్చేది 'చెప్పుకోవడం'. మన వ్యాకరణాలు 'కొను' అనుప్రయుక్తాన్ని ఆత్మార్థకంగా వివరిస్తాయి. చేసిన పని ఫలితం కర్తకే చెందుతుందని దాని అర్థం. వండు, వండుకొను; రాయు, రాసుకొను. చెప్పుకొను దగ్గరకు వచ్చేసరికి ఆ ఆత్మార్థకానికి ఇంకో ఛాయ వచ్చి చేరింది. బాధ చెప్పుకుంటాం, గోడు చెప్పుకుంటాం, కష్టసుఖాలు చెప్పుకుంటాం. సమానుల మధ్య అయితే ఆ మాటలో చనువు ఉంటుంది. పై అధికారి ముందు అయితే అది విన్నపం. చెప్పుకునేవాడు కింద నిలబడి ఉంటాడు, వినేవాడు దయతలచాలి.

మిగిలిన మాటలు ఇంతకన్నా మెరుగ్గా లేవు. 'ఒప్పుకోవడం' నేరానికి వాడేది. 'బయటపెట్టడం' అంటే అంతకుముందు దాచిపెట్టినట్టు. 'బయటపడడం' అయితే పట్టుబడినట్టే. 'వెల్లడించడం' పత్రికల మాట. ఎవరూ తమ పై అధికారి గదిలో కూర్చుని వెల్లడించరు. అంటే, తన స్థితిని తెలియజేయదలచిన ఉద్యోగి నోరు విప్పకముందే భాష అతన్ని యాచకుడిగానో దోషిగానో నిలబెడుతోంది. ఇది తెలుగుకు మాత్రమే పరిమితమైన ఇబ్బంది అని అనలేను. కానీ మన భాషలో అది క్రియారూపంలోనే కనిపిస్తున్నది కనుక మనం గమనించవలసినది.

ఇంకొక సంగతి. ఈ నిర్ధారణలు వివరించే లక్షణాలకు మన దగ్గర పాత పేర్లు లేకపోలేదు. పరధ్యానం, మతిమరుపు, ముభావం, మొండితనం, తిక్క, తొందరపాటు, లోకజ్ఞానం లేకపోవడం. ఇవన్నీ స్వభావాన్ని తప్పుపట్టే మాటలు. 'కలుపుగోలుతనం' అనే అందమైన మాట ఉంది. అది లేనివాడిని గర్విష్ఠి అంటాం. కలుపుగోలుతనం ఒకరిలో ఉండే గుణమని మన ఊహ. నిజానికి అది ఇద్దరి మధ్య జరిగేది. ఆటిజం ఉన్నవారికీ లేనివారికీ మధ్య అపార్థం రెండు వైపుల నుంచీ వస్తుందని, ఒక్క వైపునే లోపంగా లెక్కకట్టడం సరికాదని డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించారు. కలుపుగోలుతనాన్ని గురించి మనం వేసుకోవలసిన ప్రశ్న కూడా అదే. కొత్త నివేదికలోని పేరు ఆ ఉద్యోగికి చేసే ఉపకారం ఇక్కడ ఉంది. ఇరవై ఏళ్లుగా తాను విన్న తిట్లన్నిటికీ అది వేరే వివరణ ఇస్తుంది. అందుకే చెప్పాలనిపిస్తుంది. చెప్పాలనిపించడమూ చెప్పవలసి ఉండడమూ ఒకటి కావు.

మౌనం, బొంకు

చెప్పకపోవడం అబద్ధమా అన్న ప్రశ్నకు మన సంప్రదాయంలో వెదికితే మొదట గుర్తుకు వచ్చేది హరిశ్చంద్రుడు. గౌరన కావ్యం నుంచి బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం దాకా తెలుగువారి మనసులో సత్యానికి అతడే ప్రమాణం. అయితే హరిశ్చంద్రుడి సత్యం ఏమిటి? ఆడిన మాట తప్పకపోవడం. ఇచ్చిన మాటకు కట్టుబడడం వేరు, తన లోపలిదంతా ఎదుటివారి ముందు పరచడం వేరు. రెండవదాన్ని ఆ కథ ఎవరి నుంచీ కోరలేదు. 'అబద్ధం' అనే మాట నిర్మాణం కూడా ఇటే చూపుతుంది: బద్ధం కానిది, కట్టుబడనిది. ఈ దృష్టితో చూస్తే ఉద్యోగి తన మాటకు ఎక్కడ కట్టుబడి ఉన్నాడు? తన చదువు, అనుభవం, తాను చేయగల పని, ఆ పనికి ఇచ్చే సమయం. వీటిలో ఏ ఒక్కటి తప్పుగా చెప్పినా అది బొంకే. వీటిని నిజంగా చెప్పి నిజంగా నెరవేర్చినవాడు తన మెదడు ఏ దారిన ఆ పని పూర్తిచేస్తున్నదో చెప్పకపోతే ఏ మాటా తప్పినట్టు కాదు.

పాశ్చాత్య నీతిశాస్త్రంలో సత్యం విషయంలో ఎంతమాత్రం సడలింపు లేనివాడిగా పేరుపడ్డ కాంట్ కూడా ఈ తేడాను గుర్తించాడు. ప్రాణం కాపాడడానికైనా అబద్ధమాడరాదని 1797 నాటి వ్యాసంలో వాదించినవాడే, తెలిసిన నిజమంతా చెప్పి తీరాలని ఎక్కడా అనలేదు. చెప్పకుండా ఊరుకోవడం వేరు, తప్పుగా చెప్పడం వేరు అన్నది అతని విభజన. దీనికి సూటిగా ఒక హద్దు ఏర్పడుతుంది. నియామకపు పత్రంలో ఒక ప్రశ్న స్పష్టంగా అడిగి సంతకం పెట్టమన్నప్పుడు 'లేదు' అని రాయడం మౌనం కాదు. అడిగినవారికి అడిగే హక్కు ఉందా అన్నది మరో ప్రశ్న. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం, బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ఆ హక్కును నియామకానికి ముందు బాగా కుదించాయి. ఆ దేశాల్లో పనిచేసే మన ఇంజనీర్లకు ఈ తేడా వెంటనే ఉపయోగపడేదే. అడగకూడని ప్రశ్నను తప్పించుకోవడం ఉద్యోగి తప్పు కాదు. దానికి అబద్ధపు జవాబు రాయడం మాత్రం, ఎంత సానుభూతితో చూసినా, సమర్థించడం కష్టం. అలాగే ఇతరుల ప్రాణాలు తన ఏకాగ్రత మీద ఆధారపడిన పనుల్లో ఉన్నవారి మౌనానికి ఇక్కడ చెప్పిన రక్షణ వర్తించదు. రైలు నడిపేవారికి తమ ఏకాగ్రత కేవలం సొంత వ్యవహారం కాదు. అటువంటి పనులు తక్కువ. ఆ తక్కువ వాటిని చూపి అందరినీ చెప్పమనడం తరచుగా జరిగే పొరపాటు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది, అది సహోద్యోగుల వైపు నుంచి వచ్చేది. ఒకడు గడువు తప్పుతూ ఉంటే ఆ పని పక్కవారి మీద పడుతుంది. కారణం తెలిస్తే వారు సర్దుకుంటారు, తెలియకపోతే కసిపడతారు. కనుక వారికైనా అతను నిజం బాకీపడలేదా? ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేను. కానీ సహోద్యోగులకు అందవలసినది ఏమిటో చూడాలి. పని న్యాయంగా పంచడం, ఎవరు ఏది చేస్తారో ముందుగా తెలియడం. ఇవి అందడానికి 'నాకు నోటితో చెప్పిన పని గుర్తుండదు, రాసి ఇస్తే తప్పక చేస్తాను' అన్న మాట చాలు. దాని వెనకున్న వైద్యనామం వారికి తెలియడం వల్ల పంపకం ఇంకొంత న్యాయమైపోదు. నలుగురూ కూర్చుని అతన్ని గురించి మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది, అంతే.

విరాటుని కొలువు

యజమానికి చెప్పకుండా కొలువు చేయడం అనే సమస్యను ఒక పర్వమంతా పరచి చూపిన గ్రంథం మన చేతిలోనే ఉంది. తిక్కన విరాటపర్వాన్ని నాటకీయత కోసం, రసపోషణ కోసం చదివాం. ఉద్యోగపర్వం వేరే ఉన్నా, నేటి అర్థంలో ఉద్యోగపర్వం విరాటపర్వమే. ఆరుగురు మనుషులు తామెవరో చెప్పకుండా ఒకే యజమాని దగ్గర పనికి కుదురుతారు. వారిలో ధర్మరాజు ఉన్నాడు. కంకుభట్టుగా వచ్చి తాను యుధిష్ఠిరుడి మిత్రుడినని చెబుతాడు. ఇది శుద్ధసత్యమని ఎవరూ అనలేరు. అయినా కవి గానీ పాఠకుడు గానీ విరాటుడు మోసపోయాడని బాధపడడు. ఎందుకు? జూదం తెలిసినవాడినని చెప్పినవాడికి జూదం తెలుసు, వంటవాడినని చెప్పిన వలలుడు చక్కగా వండుతాడు, నాట్యం నేర్పుతానన్న బృహన్నల నేర్పుతుంది, గుర్రాలూ గోవులూ సరిగ్గా సాకబడతాయి. పనిని గురించిన మాట పూర్తిగా నిలబడింది. విరాటుడికి అందవలసినది అందింది.

ఈ పర్వంలో నన్ను ఎక్కువగా ఆపే ఘట్టం కొలువులో చేరకముందు ధౌమ్యుడు చెప్పే సేవాధర్మం. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు మాట్లాడాలి, ఏది విన్నా బయట ఎలా చెప్పరాదు అని ఆయన ఒక్కొక్కటిగా వివరిస్తాడు. తరతరాల విద్యార్థులకు దీన్ని నీతిబోధగా పాఠం చెప్పాం. దీన్ని ఇంకోలా కూడా చదవవచ్చు. ఇంతకుముందు ఎన్నడూ కొలువు చేయని రాజకుమారులకు కొలువులోని రాయని నియమాలు తెలియవు. ఎవరూ పైకి చెప్పని, అందరూ సహజంగా గ్రహించేస్తారని అనుకునే నియమాలవి. వాటిని ధౌమ్యుడు మాటల్లో పెట్టాడు. ధర్మరాజంతటివాడికి ఇవి విడమరచి చెప్పవలసి వచ్చిందేమని ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఆటిజం ఉన్న ఉద్యోగి తన కార్యాలయంలో కోరుకునేది చాలావరకు ఇదే. సమావేశంలో ఎప్పుడు మాట్లాడాలి, 'వీలైతే చూడండి' అని పై అధికారి అన్నప్పుడు అది ఆజ్ఞా కాదా, ఎవరి ముందు ఏ మాట అనకూడదు అన్నవి ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి. ధౌమ్యుడు చెప్పిన నియమాలన్నీ సేవకుడి వైపువే అన్న సంగతి కూడా గమనించాలి. రాజు ఎలా వినాలో అక్కడ ఒక్క నియమమూ లేదు.

సైరంధ్రి కథ మన ప్రశ్నకు ఇంకా దగ్గరది. ఆమె సుధేష్ణ దగ్గర చేరేటప్పుడు తానెవరో చెప్పలేదు, కానీ తనకేమి కావాలో చెప్పింది. ఎంగిలి తినననీ, కాళ్లు కడగననీ ముందే షరతు పెట్టింది. తనను కాపాడే గంధర్వులైన భర్తలు ఉన్నారని కూడా చెప్పింది. రాణి ఒప్పుకుంది. పేరు చెప్పకుండా అవసరం చెప్పడం అనే పద్ధతికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. నేటి ఉద్యోగికి నేను సమర్థించదలచిన మార్గం ఇదే. 'నాకు ఏడీహెచ్‌డీ ఉంది' అనడానికి ముందు, 'కిటికీ పక్కన కాక గోడవైపు బల్ల ఇవ్వండి, ఉదయం పది నుంచి పన్నెండు దాకా ఫోన్‌కు పిలవకండి' అని అడగవచ్చు. అది విన్నపం కాదు. పనిని గురించిన నిజం.

కానీ కథ అక్కడ ఆగలేదు. కీచకుడి ఒత్తిడి వచ్చినప్పుడు అదే సుధేష్ణ మద్యం తెమ్మని సైరంధ్రిని అతని ఇంటికి పంపింది. ఆమె వద్దని వేడుకున్నా వినలేదు. రాణి దయ మీద నిలిచిన షరతు బలవంతుడి ముందు నిలవలేదు. ఆ తరువాత నిండు కొలువులో, విరాటుడి కళ్ల ముందు కీచకుడు ఆమెను తన్నాడు. భర్తలిద్దరు ఆ సభలోనే ఉన్నారు. ఒకరు ఆవేశాన్ని అణచుకున్నారు. ఇంకొకరు పరాయివాడిలా మాట్లాడి లోపలికి వెళ్లమన్నారు. తామెవరో చెప్పలేని స్థితిలో ఉన్నవారు న్యాయం అడగలేరు. అజ్ఞాతం కాపాడుతుంది, కాపాడవలసిన వేళ అదే చేతులు కట్టేస్తుంది. పేరు లేకుండా అవసరం చెప్పే మార్గానికి ఉన్న హద్దు ఇది.

పాండవుల అజ్ఞాతానికీ నేటి ఉద్యోగి అజ్ఞాతానికీ ఒక పెద్ద తేడా ఉంది. వారిది ఒక్క సంవత్సరం. రోజులు లెక్కపెట్టుకోవచ్చు. పైగా గుర్తుపట్టబడకుండా గడపడానికి యక్షప్రశ్నల చివర ధర్ముడి వరం ఉంది. ముసుగు వేసుకుని పనిచేసే ఉద్యోగికి గడువు లేదు, వరమూ లేదు. ఎదుటివారి కళ్లలోకి ఎంతసేపు చూడాలో లోలోపల లెక్కపెట్టుకుంటూ, నవ్వవలసిన చోట ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతూ, సాయంత్రానికి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేనంత అలసిపోయి వస్తాడు. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో కళంకాన్ని గురించి రాసిన పుస్తకంలో, లోపం ఇప్పటికే బయటపడినవారినీ, ఇంకా బయటపడక, పడితే ఏమవుతుందోనని జాగ్రత్తపడేవారినీ వేరుగా చూపాడు. రెండవవారి శ్రమ అంతా తమను గురించిన సమాచారాన్ని కాపలా కాయడంలోనే పోతుందన్నది ఆయన పరిశీలన. మౌనం అబద్ధం కాదని వాదించిన తరువాత మౌనం సులభమని ఎవరైనా అనుకుంటే, అది ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

చట్టం అడిగే పేరు

సుధేష్ణ దయకు బదులు హక్కు కావాలంటే చట్టం దగ్గరకు వెళ్లాలి. చట్టం పేరు అడుగుతుంది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను మాత్రమే గుర్తించింది. 2017 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఆ జాబితాలోకి వచ్చాయి. ఏడీహెచ్‌డీ పేరు అందులో లేదు. ప్రభుత్వోద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, అభ్యసన వైకల్యాలు, మానసిక రుగ్మత వంటివాటన్నిటికీ కలిపి ఉన్నది ఒక్క శాతం. దానికి నలభై శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. ఉద్యోగి అవసరానికి తగ్గట్టు, సంస్థపై మోయలేని భారం పడకుండా చేసే మార్పులను చట్టం సహేతుకమైన సర్దుబాటుగా నిర్వచించింది. ఉద్యోగంలో వివక్ష చూపరాదని, సర్దుబాట్లు కల్పించాలని 20వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది ప్రభుత్వ సంస్థల విషయంలో. ప్రైవేటు సంస్థలకు కూడా వర్తించే 21వ సెక్షన్ అడిగేది సమానావకాశ విధానాన్ని ప్రకటించమని. ఈ తేడా హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి చిన్నది కాదు.

పేరుకూ అవసరానికీ మధ్య ఉన్న ఈ అంతరాన్ని సర్వోన్నత న్యాయస్థానం 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో గుర్తించింది. రాసేటప్పుడు చేయి కొంకర్లుపోయే స్థితి ఉన్న అభ్యర్థి సివిల్స్ పరీక్షకు లేఖకుడిని అడిగాడు. అతనికి నలభై శాతం ధ్రువపత్రం లేదని నిరాకరించారు. ఆ శాతం రిజర్వేషన్ వంటివాటికి కొలత కావచ్చు గానీ సహేతుకమైన సర్దుబాటుకు షరతు కాదని న్యాయస్థానం చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో రవీందర్ కుమార్ ధరీవాల్ కేసులో ఇంకొక అడుగు వేసింది. మానసిక వైకల్యం ఉన్నవారు క్రమశిక్షణ చర్యలకు ఇతరులకన్నా ఎక్కువగా గురికావడం పరోక్ష వివక్షలో భాగమని పేర్కొంది. మన నిఘంటువులోని మొండితనం, తిక్క వంటి మాటలు కార్యాలయంలో అభియోగపత్రాలుగా మారే తీరును ఈ తీర్పు పట్టుకున్నది.

అయినా ఇవి న్యాయస్థానం దాకా వెళ్లగలిగినవారి కథలు. వెళ్లాలంటే తన నివేదికను అందరి ముందు పెట్టాలి. హక్కుకు వెల తన గోప్యత. ఆ గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పి ఉన్నది. ఒక హక్కు కోసం ఇంకొక హక్కును వదులుకోవలసి వచ్చినప్పుడు, ఆ మార్పిడి ఎంత చౌకగా జరుగుతుందన్నది విన్నవారి నడవడి మీద ఆధారపడుతుంది.

విన్నవారి వంతు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. పరిశోధన వ్యాసంలో దీనికి చోటుందా అని ఆలోచించాను. విన్నవారి ధర్మాన్ని గురించి రాస్తూ, వినడంలో తప్పిన సంగతి దాచడం బాగుండదనిపించింది.

కొన్నేళ్ల కిందట నేను శాఖాధ్యక్ష బాధ్యతలో ఉన్నప్పుడు ఒక యువ అధ్యాపకురాలు నా గదికి వచ్చారు. "సార్, మీకొక సంగతి చెప్పుకోవాలి" అన్నారు. ఆ క్రియ అప్పుడు నా చెవికి ఆనలేదు. "చెప్పమ్మా" అన్నాను. తనకు ఆటిజం ఉన్నట్టు ఆ వేసవిలో నిర్ధారణ అయిందని, సమావేశంలో ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే తనకు ఏ మాటా అందదని, చర్చించే అంశాలు ముందురోజు కాగితం మీద ఇస్తే చాలునని చెప్పారు. అంతకుముందు రెండేళ్లుగా ఆమె సమావేశాల్లో మాట్లాడకపోవడాన్ని నేను నిర్లక్ష్యం అనుకున్నాను. ఆమెను గురించి రాసిన వార్షిక నివేదికలో 'శాఖా వ్యవహారాల్లో ఆసక్తి తక్కువ' అన్న వాక్యం నాదే.

తప్పకుండా ఇస్తానని మాట ఇచ్చాను. రెండు సమావేశాలకు ఇచ్చాను, మూడవదానికి మరిచిపోయాను. అది చిన్న తప్పు. పెద్ద తప్పు వేరే ఉంది. ఆమె మీద సహోద్యోగులకు ఉన్న చిరాకు పోగొట్టాలని, పూర్తిగా మంచి ఉద్దేశంతో, ఒక మిత్రుడితో "ఆవిడకు ఆ సమస్య ఉందట, పాపం" అన్నాను. వారం తిరగకుండా శాఖంతా తెలిసింది. ఎవరూ ఆమెను అవమానించలేదు. అందరూ చాలా దయగా ఉన్నారు. ఆమెతో నెమ్మదిగా, మాట మాట విడదీసి మాట్లాడసాగారు. ఛందస్సు మీద ఆమెకున్న పట్టు శాఖలో ఇంకెవరికీ లేదు. అయినా ఆ ఏడాది పరిశోధక విద్యార్థులను కేటాయించేటప్పుడు "ఆవిడకు ఒత్తిడి ఎందుకు" అని ఒకరు అన్నారు, మిగిలినవారు సరేనన్నారు. నేనూ సరేనన్నాను. ఆమె అడిగింది ఒక కాగితం. మేము ఆమె దగ్గర నుంచి తీసుకున్నది ఇద్దరు విద్యార్థులను.

చెప్పాలా వద్దా అన్న ప్రశ్నను చెప్పేవారి ముందే పెట్టడం ఎందుకు అన్యాయమో నాకు అప్పుడు తెలిసింది. ఆమె సత్యం పలికింది, ధైర్యం చూపింది, అవసరాన్ని స్పష్టంగా చెప్పింది. నీతిగ్రంథాలు చెప్పేవారి నుంచి కోరగలిగినదంతా ఆమె చేసింది. ఫలితం మాత్రం నా చేతిలో ఉంది. ఇతరుల రహస్యం వినడమంటే ఒక వస్తువును అప్పగింతగా తీసుకోవడం. దాచమని ఇచ్చిన సొమ్ము వాడుకున్నవాడిని మన ధర్మశాస్త్రాలు దండించదగినవాడిగా చూశాయి. మంచి పనికే వాడానన్నది సమాధానం కాదు. అమెరికా చట్టం ఉద్యోగి వైద్య సమాచారాన్ని మిగిలిన దస్త్రాల నుంచి వేరుగా ఉంచమంటుంది. మన 2016 చట్టం 22వ సెక్షన్ దివ్యాంగ ఉద్యోగుల వివరాలు, వారికి కల్పించిన సౌకర్యాలు నమోదు చేయమంటుంది. నమోదు చేసిన కాగితం ఎవరి బీరువాలో, ఎవరి తాళం కింద ఉండాలన్నది మన కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో ఎవరూ పట్టించుకోని సంగతి. మా శాఖలో దస్త్రాల బీరువా తాళంచెవి గుమాస్తా బల్ల సొరుగులో ఉండేది, అందరికీ తెలుసు.

వినేవారి ధర్మంలో ఇంకొకటి ఉంది. అడగకుండా ఇవ్వగలిగినది అడిగేదాకా ఆపకపోవడం. సమావేశపు అంశాలు ముందుగా ఇవ్వడానికి ఎవరి మెదడు గురించీ ఎవరూ తెలుసుకోనక్కరలేదు. చెప్పిన పనిని రెండు వాక్యాల్లో రాసి పంపడం, గడువును తేదీతో సహా చెప్పడం, మాట్లాడేవారు ఒకరి తరువాత ఒకరు మాట్లాడడం వంటివి అందరికీ వర్తింపజేస్తే చెప్పుకోవలసిన అవసరంలో సగం తగ్గిపోతుంది. మిగిలిన సగం తగ్గదు. ప్రత్యేకమైన అవసరాలు ప్రత్యేకంగానే ఉంటాయి, వాటికి పేరూ ధ్రువపత్రమూ కావలసి వస్తుంది. కానీ ఆ సగంలో ఉన్నవారు కూడా, ముందు ఈ సగం చూసిన తరువాతనే, ఈ చోట చెప్పవచ్చా లేదా అని తేల్చుకుంటారు.

నా బాధ్యతా కాలం ముగిసే ముందు ఏడాది నుంచి సమావేశపు అంశాలను ముందురోజు మధ్యాహ్నానికల్లా అందరికీ పంపడం మొదలుపెట్టాం. అనవసరంగా కాగితం ఖర్చని ఒక పెద్దాయన విసుక్కున్నారు. తరువాత ఆయనే, చెవి సరిగా వినపడక ఎన్నో ఏళ్లుగా సగం చర్చ ఊహించుకునేవాడినని నాతో విడిగా అన్నారు. ఈసారి ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాయడానికి ఆయన అనుమతి తీసుకున్నాను. ఆ అధ్యాపకురాలు అప్పటికే వేరే కళాశాలకు వెళ్లిపోయారు. ఆమెను గురించిన భాగం కూడా ఆమెకు పంపి, ఒప్పుకున్న తరువాతే ఉంచాను. ఒక వాక్యం తీసేయమన్నారు, తీసేశాను. కొత్త చోట తన సంగతి చెప్పారో లేదో నేను అడగలేదు.